శిబిరం నుంచి సంఘానికి దారి వేద్దాం



వేసవి సెలవులు ముగిశాయి, బడులు తెరిచారు. చంద్రగిరి, తిరుపతి, పుత్తూరు, శ్రీకాళహస్తి, రైల్వే కోడూరు ప్రాంతాల మన పిల్లల్లో చాలామంది ఈ సెలవుల్లో వి.బి.ఎస్.కో, యువజన శిబిరానికో, రిట్రీట్‌కో వెళ్లి వచ్చారు. కొత్త పాటలు నేర్చుకున్నారు. చివరి రాత్రి కన్నీళ్లతో తీర్మానాలు చేసుకున్నారు. శిబిరం నడిపినవారు ఎంతమంది హాజరయ్యారో, ఎంతమంది చేతులెత్తారో లెక్క రాసుకున్నారు. తర్వాతి ఆదివారం కాపరి ఆ పిల్లలను ఆరాధనలో నిలబెట్టి అభినందించారు. చాలా చోట్ల కథ అక్కడితో ముగిసిపోతుంది. ఆగస్టు వచ్చేసరికి, “బాబూ, ఆ రాత్రి చేసుకున్న తీర్మానం ఎంతవరకు వచ్చింది?” అని అడిగే మనిషి శిబిరం తరఫునా ఉండడు, సంఘం తరఫునా ఉండడు.

ఈ వారం మనం ఆలోచించవలసింది దీని గురించే. శిబిర పరిచర్య సంఘానికి ఏడాదికోసారి వచ్చిపోయే చుట్టంగా ఉన్నంతకాలం దాని ఫలం నిలవదు. శిబిరమూ సంఘమూ ముందుగానే కలిసి కూర్చుని, డబ్బు, మనుషులు, పిల్లల భద్రత, శిబిరం తర్వాతి ఏడాది అనే నాలుగు బాధ్యతలను కాగితం మీద పంచుకోవాలి. ఆ పని ఇక వాయిదా వేయడానికి వీల్లేని రోజులు వచ్చాయి.

నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం తీసి చూడండి. జనమంతా నీటి గుమ్మం ఎదుట ఉన్న మైదానంలో, ఆరుబయట కూడుకున్నారు. ఎజ్రా ధర్మశాస్త్రం చదివాడు, లేవీయులు అర్థం వివరించారు. మరునాడు పితరుల కుటుంబాల పెద్దలు, యాజకులు, లేవీయులు మళ్లీ ఎజ్రా దగ్గరకు వచ్చి కూర్చుని ఏం చేయాలో తెలుసుకున్నారు. ఆ తర్వాతే ప్రజలు కొండకు వెళ్లి కొమ్మలు తెచ్చి పర్ణశాలలు కట్టారు. ఎక్కడ కట్టారో గమనించండి: ఇళ్ల మిద్దెలమీద, లోగిళ్లలో, దేవుని మందిరపు ఆవరణాల్లో, వీధుల్లో. ఇల్లు, మందిరం, వీధి మూడూ ఆ పండుగలో పాలుపంచుకున్నాయి. కుటుంబ పెద్దలతో ముందుగా సంప్రదించకుండా లేవీయులే మైదానంలో నాలుగు రోజుల కార్యక్రమం పెట్టి వెళ్లిపోయి ఉంటే, ఆ పర్ణశాలలు ప్రజల ఇళ్లదాకా వచ్చేవా?

దక్షిణాంధ్ర లూథరన్ సంఘం పుట్టుక కూడా ఈ సంగతినే గుర్తుచేస్తుంది. జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ అనే పల్లెలో లుడ్విగ్ హార్మ్స్ 1849లో మిషన్ పాఠశాల తెరిచారు. అది ఏ రాజధానిలోనో పుట్టిన పెద్ద సొసైటీ కాదు. ఒక పల్లె సంఘం, చుట్టుపక్కల రైతులు తమ కానుకలతో, తమ బిడ్డలతో మోసిన పని. యేటా వాళ్ల మిషన్ పండుగ ఆరుబయటే జరిగేది. ఆ మిషన్‌వారు 1860ల మధ్యలో సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాలకు వచ్చి, క్రమంగా కాళహస్తి, తిరుపతి, పుత్తూరు, కోడూరు దాకా విస్తరించారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ మిషనెరీలు ఉండే వీలు లేకపోయినప్పుడు అమెరికాలోని ఒహాయో లూథరన్ సినడ్ ఆ బాధ్యత అందుకుంది. 1945లో తిరుపతి కేంద్రంగా దక్షిణాంధ్ర లూథరన్ సంఘం స్వయంపాలన గల సంఘమైంది. పండుగ ఆరుబయట జరిగినా దాని వేళ్లు సంఘంలో ఉన్నాయి. మన దగ్గరకు సువార్త వచ్చిన దారి అదే.

వేర్వేరు సంఘాలు కలిసి ఒక పరిచర్యను మోయగలవా అని అనుమానించేవారికి జవాబు పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది. క్షయకు మందు లేని రోజుల్లో శుభ్రమైన గాలి, విశ్రాంతి, మంచి ఆహారమే వైద్యం. అప్పుడు మదనపల్లె దగ్గరి పొడి వాతావరణం చూసి పలు మిషన్లు కలిసి 1912లో యూనియన్ మిషన్ క్షయ ఆసుపత్రిని ప్రారంభించాయి. అదే తర్వాత ఆరోగ్యవరం అయింది. దాన్ని ఏళ్ల తరబడి నడిపించిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ నుంచి వచ్చిన లూథరన్. మదనపల్లె ప్రాంతంలో అప్పటికే పనిచేస్తున్న ఆర్కాట్ మిషన్ రిఫార్మ్‌డ్ సంఘానిది. సిద్ధాంతాల్లో తేడాలున్నా ఏ ఒక్కరికీ ఒంటరిగా మోయలేని బరువు గనుక కలిసి మోశారు. దేశంలో బి.సి.జి. టీకాల పని 1948లో మొదలైనప్పుడు తొలి అడుగు పడింది కూడా మదనపల్లెలోనే. ఆరోగ్యవరం పేరులో ఉన్న ‘యూనియన్’ అనే మాటకు అర్థం భారం పంచుకోవడం. శిబిర పరిచర్యకు ఈరోజు కావలసింది ఆ మాటే.

అమెరికా లూథరన్లలో ఈ పరిచర్యకు చాలాకాలంగా ఒక రూపం ఉంది. ఇ.ఎల్.సి.ఎ. సంఘానికి అనుబంధంగా వందకు పైగా శిబిర కేంద్రాలు ఉన్నాయి, వాటన్నిటినీ కలిపే ఒక సహకార సంస్థ కూడా ఉంది. అక్కడ ఒక మంచి అలవాటు ఉంది. పిల్లలు శిబిరానికి వెళ్లడమే కాదు, వేసవిలో శిక్షణ పొందిన యువతీయువకుల జట్టు ఒక వారంపాటు సంఘానికే వచ్చి డే క్యాంప్ నడుపుతుంది. వాళ్లు సంఘస్థుల ఇళ్లలోనే బస చేస్తారు. బోధించేవారికి కాపరి పరిచయమవుతాడు, కాపరికి వాళ్ల పద్ధతి తెలుస్తుంది, తల్లిదండ్రులు కళ్లారా చూస్తారు.

అదే అమెరికా నుంచి ఒక హెచ్చరిక కూడా అందుకోవాలి. 1988లో ఇ.ఎల్.సి.ఎ. ఏర్పడినప్పుడు 50 లక్షలకు పైగా ఉన్న సభ్యత్వం ఈరోజు 30 లక్షల లోపుకు తగ్గింది. సంఘాలు బలహీనపడితే శిబిరాలకు పిల్లలూ తగ్గుతారు, కానుకలూ తగ్గుతాయి. స్థలాలు అమ్ముకోవలసి వచ్చిన శిబిరాలు అక్కడ లేకపోలేదు. ఎంత అందమైన చెరువు గట్టున ఉన్నా, ఎన్ని భవనాలున్నా, సంఘం ఎండిపోతే శిబిరం పచ్చగా ఉండదు.

మన విషయంలో తొందర ఎందుకంటే, డబ్బు వచ్చే దారి మారిపోయింది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి చేసిన సవరణల ప్రకారం, విదేశీ విరాళం పొందిన సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. విదేశీ డబ్బు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. అంటే, పెద్ద సంఘానికి నిధులు వస్తే అందులోంచి చిన్న శిబిర సంస్థకు కొంత పంపే పాత పద్ధతి చట్టరీత్యా మూసుకుపోయింది. ఇక శిబిరాన్ని పోషించవలసింది మన సంఘాల పళ్లేలే. హెర్మన్స్‌బుర్గ్ రైతులు చేసిన పని చంద్రగిరి రైతులు, తిరుపతి ఉద్యోగులు చేయవలసిన వేళ ఇది.

అయితే డబ్బుకన్నా ముందు భయాలు అడ్డుగా ఉన్నాయి. దాచుకోకుండా మాట్లాడుకుందాం. కాపరి భయం ఏమిటంటే, శిబిరానికి పంపిన యౌవనస్థుడు అక్కడి బోధకులకు అలవాటుపడి, లిటర్జీ చప్పగా ఉందంటూ వేరే సహవాసానికి వెళ్లిపోతాడేమోనని. శిబ్బాప్తిస్మాన్ని, కన్ఫర్మేషన్‌ను తక్కువచేసి మాట్లాడే బోధ అక్కడ వింటాడేమోనని. శిబిరం నడిపేవారి భయం వేరు. సంఘం చేతిలో పెడితే కమిటీ ఎన్నికలు, వర్గాల తగాదాలు శిబిరంలోకి కూడా వస్తాయని. రెండు భయాలకూ కారణాలు లేకపోలేదు. అందుకే నోటిమాట చాలదు. శిబిరంలో ఎవరు బోధిస్తారు, ఏ పాఠాలు చెబుతారు, సంస్కారాల విషయంలో ఏ హద్దులు పాటిస్తారు అన్నది ముందే రాసుకోవాలి. సంఘంవైపు నుంచి కూడా, శిబిర నిర్వహణలో సంఘ రాజకీయాలు తలదూర్చవని రాసివ్వాలి.

రెండవది స్థలం. కొత్త భూమి కొనాలి, హాలు కట్టాలి అని మొదలుపెట్టిన ఆలోచనలు చాలావరకు పునాదిరాయి దగ్గరే ఆగిపోతాయి. మనకు పాత మిషన్ కాంపౌండ్లు ఉన్నాయి. చింతచెట్ల నీడ, బావి, పాత బడి గదులు ఉన్న ఆవరణాలు చాలా చోట్ల ఖాళీగా పడి ఉన్నాయి. వాడని స్థలం మీదే ఆక్రమణదారుల కన్ను పడుతుంది, కోర్టు వ్యాజ్యాలు మొదలవుతాయి. ఏడాదిలో మూడు నాలుగుసార్లు పిల్లల పాటలు వినిపించే కాంపౌండును కాపాడుకోవడం తేలిక. మన ఎండల సంగతి కూడా మరువకూడదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లలో ఆరుబయట శిబిరం పిల్లలకు శిక్ష అవుతుంది. దసరా, సంక్రాంతి సెలవులు దీనికి ఇంకా అనువైనవి.

మూడవది పిల్లల భద్రత. ఇందులో రాజీకి చోటు లేదు. లైంగిక నేరాల నుంచి పిల్లలను రక్షించే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం విధి. దాచిపెట్టడం కూడా నేరమే. “సంఘం పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం” అనే మాట శిబిరంలో వినిపించకూడదు. ప్రతి బిడ్డకూ తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం, ఆడపిల్లలకు మహిళా నాయకులు, ఏ పెద్దా ఒక బిడ్డతో ఒంటరిగా ఉండకూడదనే నియమం, దగ్గరి ఆసుపత్రి ఫోన్ నంబరు, గోడమీద 1098 చైల్డ్‌లైన్ నంబరు ఉండాలి. ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టే ముందు తల్లిదండ్రులను అడగాలి.

నాలుగవది మన పొరుగువారు. మనం పుణ్యక్షేత్రపు నీడలో జీవిస్తున్నాం. తిరుమల కొండలమీద ఇతర మత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో చట్టం వచ్చింది. ఆ హద్దును గౌరవించడం పౌరులుగా మన బాధ్యత. శేషాచలం అడవులు 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతం. తలకోన వైపు పిల్లలను నడకకు తీసుకెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. శిబిరం మన సొంత ఆవరణంలో, మన సంఘస్థుల బిడ్డలతో, తల్లిదండ్రుల అనుమతితో జరుగుతున్నప్పుడు దాచవలసింది ఏమీ ఉండదు. ఊరి పెద్దలకు ముందే చెప్పండి. అనుమానానికి తావివ్వని తెరిచిన తలుపే మనకు మంచి రక్షణ.

ఇన్ని జాగ్రత్తలు పడి శిబిరం ఎందుకు పెట్టాలి అని ఎవరైనా అడగవచ్చు. రెండు కారణాలు చెబుతాను. మొదటిది, సృష్టి. లూథరన్ ప్రపంచ సమాఖ్య 2017లో నమీబియాలోని విండ్‌హుక్‌లో సమావేశమైనప్పుడు, సృష్టి అమ్మకపు సరుకు కాదన్నది ప్రధాన ఉపాంశాల్లో ఒకటి. మన పిల్లలకు స్వర్ణముఖి అంటే వంతెన మీద నుంచి కనిపించే ఇసుక. కల్యాణి డ్యామ్ నీళ్లు తిరుపతి కొళాయిల్లోకి వస్తాయని చాలామందికి తెలియదు. విశ్వాస ప్రమాణంలో మొదటి భాగం, అంటే భూమ్యాకాశాల సృష్టికర్తను గూర్చిన ఒప్పుకోలు, ఆ ఏటి ఒడ్డున నేర్చుకుంటే మనసులో నిలుస్తుంది.

రెండవది, సహపంక్తి. చెప్పుకోవడానికి సిగ్గే అయినా నిజం ఇది: మన సంఘాల్లో పల్లెల మధ్య గోడలు ఇంకా ఉన్నాయి. ఫలానా పల్లె సంఘం, ఫలానా పల్లె సంఘం అని వేర్వేరుగా కూర్చుంటాం, పెళ్లిళ్లలోనూ అంతే. శిబిరంలో ఆ పిల్లలు ఒకే వరుసలో కూర్చుని ఒకే సాంబారు అన్నం తింటారు, ఒకే చాపమీద పడుకుంటారు. ప్రభురాత్రి భోజనపు బల్ల గురించి మనం చెప్పే మాట వాళ్లు ముందుగా అక్కడ అనుభవిస్తారు. వాళ్లు తిరిగి వచ్చాక మనం వాళ్లను మళ్లీ విడదీస్తే, ఆ తప్పుకు దేవునికి లెక్క చెప్పవలసింది పెద్దలం మనమే.

ఈ సహవాసాన్ని లూథరన్ల గోడ దాటి కూడా ఆలోచించాలి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు లూథరన్లు అందులో చేరలేదు. అయినా వాళ్ల పిల్లలూ మన పిల్లలూ ఒకే కాలేజీ బెంచీలమీద కూర్చుంటారు, ఉద్యోగాల కోసం అదే చెన్నైకి, అదే బెంగళూరుకు వెళతారు. కాంపౌండు ఒక సంఘానిది, బోధకులు మరో సంఘానివారు, వంట ఇద్దరి స్త్రీల సమాజాలది అయితే నష్టం ఎవరికి?

ఇక మన సంఘాలు చేయవలసింది చిన్నదే. వచ్చే సంఘ కమిటీలో ఈ అంశం పెట్టండి. శిబిర పరిచర్య కోసం నెలకు ఒక కానుక నిర్ణయించండి. శిబిరానికి పంపే ప్రతి అయిదుగురు పిల్లలతో సండే స్కూల్ ఉపాధ్యాయులనో, యువజన నాయకులనో ఒకరిని పంపండి. తిరిగి వచ్చాక ఆ పెద్దే ఏడాదిపాటు వాళ్లను నెలకోసారి కలవాలి. శిబిరం నడిపేవారు తమ నివేదికలో హాజరు సంఖ్యతో పాటు, ఏడాది తర్వాత ఎంతమంది పిల్లలు సంఘంలో కొనసాగుతున్నారో కూడా రాయాలి. ఆ రెండో అంకె చూసి భయపడేవారు దాన్ని మార్చే పని ఈరోజే మొదలుపెట్టవచ్చు.

రూపాంతరపు కొండమీద పేతురు మూడు పర్ణశాలలు కట్టి అక్కడే ఉండిపోదామన్నాడు. ప్రభువు వాళ్లను కిందికి తీసుకువచ్చాడు. కింద ఒక తండ్రి తన బిడ్డ కోసం ఏడుస్తూ ఎదురుచూస్తున్నాడు, శిష్యులు ఏమీ చేయలేక నిలబడి ఉన్నారు. మన సంఘాల్లో అలాంటి తండ్రులు, తల్లులు చాలామంది ఉన్నారు. వాళ్ల బిడ్డల చేయి పట్టుకునే పెద్దలను ప్రభువు మన సంఘాల్లోంచి లేపును గాక. ఆమేన్.