ఆభా నంబరు ఉంది సరే... మీ రికార్డు మీ వెంట వస్తోందా?

ప్రభుత్వాసుపత్రి ఓపీ కౌంటర్ దగ్గర ఇప్పుడు తరచూ వినిపించే ప్రశ్న: 'ఆభా నంబరు ఉందా?' ఈ 14 అంకెల నంబర్లు దేశంలో ఇప్పటికే 70 కోట్లు దాటాయి. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. మన రాష్ట్రంలో 2025 జూలైలో కుప్పంలో టాటా సంస్థ తోడ్పాటుతో డిజిటల్ నెర్వ్ సెంటర్ తెరిచారు. పల్లెలోని ఆరోగ్య కేంద్రం నుంచి ఏరియా ఆసుపత్రి దాకా రోగి వివరాలను కలపాలన్నది దాని ఉద్దేశం. మంచి ప్రయత్నాలే. కానీ ఒక వైద్యుడిగా నేను అడిగే ప్రశ్న వేరు. కోయిలకుంట్లలో రాసిన మందు నంద్యాలలో కనిపిస్తోందా? నంద్యాలలో చేసిన రక్త పరీక్ష కర్నూలు పెద్దాసుపత్రి డాక్టరు ముందు తెరుచుకుంటోందా? ఎన్ని నంబర్లు ఇచ్చామన్న లెక్క దీనికి జవాబు చెప్పదు.

నంబరు వేరు, రికార్డు వేరు

చాలామంది ఆభా నంబరు తీసుకుంటే తమ జబ్బుల చరిత్రంతా ఢిల్లీలో ఎక్కడో కంప్యూటర్లోకి చేరిపోయిందనుకుంటారు. అలా జరగదు. మీ రిపోర్టు ఏ ఆసుపత్రిలో తయారైందో అక్కడే ఉంటుంది. మీరు అనుమతి ఇస్తే, ఈ నంబరు ఆధారంగా ఇంకో ఆసుపత్రి దాన్ని తెప్పించుకుని చూడగలదు. అంటే నంబరు తాళంచెవి లాంటిది. బీరువాలో ఏమీ పెట్టకపోతే తాళంచెవి ఎంత బాగున్నా లాభం లేదు.

తెలంగాణలో 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ వెళ్లి పరీక్షలు చేసి హెల్త్ ప్రొఫైల్ తయారీ మొదలుపెట్టారు. అలాంటి సర్వే ఆ రోజు బీపీ ఎంతో, షుగర్ ఎంతో చెబుతుంది. ఆరు నెలల తర్వాత మందు మారితే, కొత్త జబ్బు వస్తే అదే చోట చేరుతూ పోవాలి. అప్పుడే దాన్ని రికార్డు అనగలం.

సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు అనిపించుకోవాలంటే ఒక వ్యవస్థ ఏయే పనులు చేయాలో 2003లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఎనిమిది అంశాలుగా చెప్పింది. రోగి వివరాలు దాచడం, పరీక్షల ఫలితాలు చూపడం, మందులూ పరీక్షలూ రాయడం, డాక్టరు నిర్ణయానికి సాయపడటం, ఇతర ఆసుపత్రులతో సమాచారం పంచుకోవడం లాంటివి అందులో ఉన్నాయి. తర్వాత హెచ్ఎల్7 అనే అంతర్జాతీయ సంస్థ వీటిని విడమరిచి పెద్ద పట్టిక చేసింది. అందులో ప్రతి పనినీ 'చేసి తీరాలి', 'చేస్తే మేలు', 'చేయవచ్చు' అని మూడు మెట్లుగా విడదీశారు. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు ప్రమాణాలు ప్రకటించి, 2016 డిసెంబరులో సవరించింది. కాబట్టి నియమాలకు కొరత లేదు. కొన్న సాఫ్ట్‌వేర్ వాటికి తగ్గట్టు పనిచేస్తోందా అని వార్డులో, ఓపీలో నిలబడి చూడటమే తక్కువ.

మన ప్రాంతంలో నిలబడి చూస్తే, నా లెక్కలో 'చేసి తీరాలి' అనదగ్గవి ఐదు.

1. మనిషిని సరిగ్గా గుర్తుపట్టాలి. అహోబిలం చుట్టుపక్కల నరసింహులు, ఓబులేసు పేర్లు ఊరికి ఎంతమందికి ఉంటాయో చెప్పలేం. పుట్టినరోజు తెలియని పెద్దవాళ్లలో చాలామందికి కార్డుల మీద జనవరి 1 అనే ఉంటుంది. పేరు, వయసు చూసి ఒకరి రిపోర్టు ఇంకొకరి ఖాతాలో పడితే, అసలు రికార్డు లేకపోవడం కంటే ప్రమాదం.

2. పాత ఫలితాలను వరుసలో చూపాలి. షుగర్ ఉన్న రైతు ఒకరున్నారనుకుందాం. క్రియాటినిన్ మొదటి ఏడాది 1.0, తర్వాత 1.3, ఆ తర్వాత 1.7 వచ్చింది. మూడు చీటీలూ మూడు ల్యాబులవైతే, ఒక్కో డాక్టరుకు ఒక్కో అంకె మాత్రమే కనిపిస్తుంది. మూడూ పక్కపక్కన ఉంటే కిడ్నీ దెబ్బతింటోందని ఒక్క చూపులో తెలుస్తుంది. ఇందుకు ఒకే పరీక్షకు అన్నిచోట్లా ఒకే కోడ్ ఉండాలి. జబ్బుల పేర్లకు వాడే స్నోమెడ్ సీటీ అనే అంతర్జాతీయ పదకోశంలో భారత్ 2014 నుంచి సభ్యదేశం. మన దేశంలో దాన్ని ఉచితంగా వాడుకోవచ్చు.

3. ప్రమాదం ఉంటే హెచ్చరించాలి. అదే రైతు మోకాళ్ల నొప్పులని వేరే చోటికి వెళ్తే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ రాస్తారు. అప్పటికే బలహీనపడ్డ కిడ్నీకి అది పెద్ద దెబ్బ. పెన్సిలిన్ పడనివారికి అదే కుటుంబానికి చెందిన మందు రాసినా, రక్తం పలుచబడే మందు వాడేవారికి నొప్పి మాత్ర రాసినా తెర మీద హెచ్చరిక రావాలి. అయితే ప్రతి చిన్నదానికీ హెచ్చరికలు వస్తే డాక్టర్లు చదవకుండానే మూసేస్తారు. తక్కువ రావాలి, నిజంగా అవసరమైనప్పుడే రావాలి.

4. రిఫర్ చేసిన చోటికి రోగి కంటే ముందే వివరాలు చేరాలి. గుండెపోటుతోనో పాముకాటుతోనో వచ్చిన మనిషిని పైఆసుపత్రికి పంపేటప్పుడు ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని గంటలకు ఇచ్చామన్నది ప్రాణంతో సమానం. హడావుడిలో ఆ కాగితం అంబులెన్సులోనే ఉండిపోవచ్చు, తడిసిపోవచ్చు. సమాచారం తెర మీద కనిపిస్తే అక్కడి డాక్టరు మళ్లీ మొదటి నుంచి అడగక్కర్లేదు.

5. ఎవరు చూశారో గుర్తుండాలి, కంప్యూటర్ ఆగినా వైద్యం ఆగకూడదు. రికార్డును ఎవరు ఎప్పుడు తెరిచారు, ఏం మార్చారు అన్నది చెరగకుండా నమోదు కావాలి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగి, సేవలు రోజుల తరబడి కాగితాల మీదే నడిచాయి. ఎయిమ్స్‌కే అలా అయితే, కరెంటు, నెట్‌వర్క్ వస్తూ పోతూ ఉండే మండల కేంద్రం సంగతి చెప్పాలా? నెట్ లేనప్పుడు రాసుకుని, వచ్చాక దానంతట అదే చేరే ఏర్పాటు ఉండాలి.

రాసే చేతుల మాటా వినాలి

టీబీకి నిక్షయ్, టీకాలకు యు-విన్, గర్భిణులకు ఒక పోర్టల్, బీపీ షుగర్లకు ఇంకొకటి. ఒకే మనిషి వివరాలను ఏఎన్ఎం మళ్లీ మళ్లీ ఎక్కించాల్సి వస్తోంది. రద్దీ ఓపీలో డాక్టరుకు ఒక్కో రోగి దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే. అందులో సగం టైపు చేయడానికే పోతే మిగిలేది 'జ్వరం, మాత్రలు ఇచ్చాం' అనే ఒక్క ముక్క. అలాంటి రికార్డు పది కోట్లు పోగైనా పైఆసుపత్రి డాక్టరుకు అక్కరకు రాదు. ఒకసారి రాస్తే అన్నిచోట్లకూ వెళ్లాలి. అది కూడా ప్రమాణాల్లో భాగమే.

2023 జనవరిలో కేంద్రం ఆసుపత్రులకూ సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ డిజిటల్ రికార్డుల సంఖ్యను బట్టి ప్రోత్సాహకాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆరంభంలో అది అవసరమే. ఇకపై లెక్క మార్చాలి. రిఫర్ చేసిన వందమందిలో ఎంతమంది రికార్డు రెండో ఆసుపత్రిలో తెరుచుకుంది? ఎంతమంది రికార్డులో వాడుతున్న మందులు, పడని మందులు ఉన్నాయి? డబ్బు చెల్లించే ముందు ఈ రెండూ అడిగితే చాలు, సాఫ్ట్‌వేర్లు వాటంతట అవే దారికి వస్తాయి. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. చుట్టుపక్కల మండలాలను దానితో కలిపి ఈ లెక్క ముందు ఇక్కడే తీయొచ్చు.

ఇంట్లో మీరు చేయగలిగినవి

* ఫైలు పారేయకండి. డిజిటల్ వ్యవస్థ పూర్తిగా కుదిరేదాకా డిశ్చార్జి సమ్మరీ, ఈసీజీ, స్కాన్ రిపోర్టులు తేదీల వరుసలో ఒకేచోట పెట్టండి. పైన ఒక తెల్లకాగితం మీద జబ్బులు, వాడుతున్న మందులు, పడని మందులు రాసి ఉంచండి.

* ఓపీ దగ్గర ఆభా నంబరు ఇచ్చాక ఊరుకోకండి. 'నా రిపోర్టు దీనికి లింకు చేశారా?' అని అడగండి. తర్వాత యాప్‌లో మీరే చూసుకోండి. అందులో ఉన్నది మీ రిపోర్టేనా అన్నది కూడా చూడండి.

* ఇన్‌పేషెంటుగా ఉన్నవారు రికార్డు కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన చెబుతోంది. చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలని కూడా ఉంది. అడగటం మీ హక్కు.

* అనుమతి ఇచ్చేటప్పుడు ఎవరికి, ఏ రిపోర్టులకు, ఎన్నాళ్లకు అన్నది చదవండి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఫోన్ చేసి ఓటీపీ అడిగేవారికి చెప్పకండి.

* ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ నంబరు ఇస్తే, ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వారికి అందరి రిపోర్టులూ తెలిసిపోయే వీలుంది. కోడలి గర్భధారణ, పెద్దాయన మానసిక వైద్యం లాంటివి వాళ్ల సొంత విషయాలు. వీలైతే పెద్దవాళ్లు ఎవరి నంబరు వారే ఇవ్వండి.

ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. 'పోయినసారి నాకు ఏ మందు రాశారో మీ కంప్యూటర్లో కనిపిస్తుందా?' అని అడగండి. కనిపిస్తే సంతోషం. లేకపోతే కనిపించేలా చేయమని చెప్పండి. వైద్యులుగా మేం అధికారులకు ఎన్నిసార్లు చెప్పినా, రోగులు అడిగితే వచ్చే కదలిక వేరు.

వ్యాసకర్త: ఎండీ, ప్రభుత్వాసుపత్రి ఫిజీషియన్, కోయిలకుంట్ల