తరాల నవల: దస్తావేజు, నోటిమాట

అలెక్స్ హేలీ ‘రూట్స్’ (1976), సహవాసి అనువాదం ‘ఏడు తరాలు’ను కేవలం వంశచరిత్రగా పరిగణించడం సమంజసం కాదు. అది ఆస్తిని వారసులకు అప్పగించిన కుటుంబ కథ కాదు. తామే ఆస్తిగా అమ్ముడైన మనుషుల కథ. అక్కడ తరాలను కలిపినది నోటిమాట. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000)లోనూ తరాలను కలిపినవి పాట, ఆట, జ్ఞాపకం.

హేలీ వంశావళిని చరిత్రకారులు ప్రశ్నించిన మాట వాస్తవమే. అయితే ఆ ప్రశ్న మౌఖిక కథనాన్ని పరీక్షించమంటుంది, తోసిపుచ్చమనదు. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్టతో డెల్టా భూమి మాగాణి అయింది. కంకిపాడు ప్రాంతపు తరాల కథను భూమి పట్టాలతోనే ప్రారంభిస్తే, ఆ మాగాణిలో నాట్లు వేసిన కూలీలకు పూర్వీకులే లేనట్లవుతుంది. పత్రం లేనిచోట చరిత్ర లేదనడం పరిశోధన కాదు, పట్టాదారు పక్షపాతం.