సలుపు వేరు, మంట వేరు

నొప్పి చెప్పుకోవడానికి తెలుగులో ఒక్క మాట కాదు. సలుపు, పోటు, తీపు, మంట, తిమ్మిరి, గుంజుడు. ఒడిశా గంజాం జిల్లాలోని గోపాలపూర్ తీరంలో నోలియాలని పిలిచే మత్స్యకారుల ఇళ్లలో ఈనాటికీ వినిపించేది తెలుగే. 1936లో గంజాం ఒడిశాలో కలిసినా ఇంటి భాష పోలేదు. రొమ్ము క్యాన్సర్‌తో బతుకుతున్న మనిషి ఈ మాటల్లో ఏది వాడిందో పట్టించుకోవడం సగం వైద్యం.

వ్యాధి ఎముకకు పాకితే రాత్రిళ్లు నడుము సలుపుతుంది. మార్ఫిన్ మాత్రలతో పాటు ఒకే ఒక్క విడత రేడియేషన్ ఇస్తే చాలామందికి ఆ సలుపు తగ్గుతుంది. ఆపరేషన్ తర్వాత చంకలో, చేతి లోపలివైపు మంట, తిమ్మిరి ఉంటే అది నరం నొప్పి. దాని మందులు వేరు. చెయ్యి ఉబ్బి బరువెక్కితే కట్టు, వ్యాయామం, చర్మం పగలకుండా జాగ్రత్త అవసరం. చేపల తట్ట ఎత్తి బతికే మనిషికి చెయ్యే జీవనాధారం కదా. ఇక పుండు పగిలి వాసన వేస్తుంటే, చవగ్గా దొరికే మెట్రోనిడజోల్ మాత్రను పొడిచేసి పుండుమీద చల్లితే వాసన తగ్గుతుంది. ఆ వాసనకు సిగ్గుపడి మనవలను దగ్గరికి రానివ్వని అమ్మమ్మలు ఉంటారు. ఇంత చిన్న సాయం వాళ్లకు అందకపోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఉన్నా, పెద్ద చికిత్సకు కటక్‌లోని ఆచార్య హరిహర సంస్థకో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రికో రైలెక్కేవాళ్లున్నారు. కీమోకి రైలెక్కవచ్చు. అర్ధరాత్రి నొప్పికి రైలెక్కలేం. అందుకే ఉపశమన వైద్యం ఇంటికి రావాలి. అదీ, ‘ఇంక చేసేదేం లేదు’ అన్నాక కాదు, జబ్బు తేలిన రోజు నుంచే మిగతా చికిత్సతో కలిసి నడవాలి.

అడ్డంకి ఏమిటి? మార్ఫిన్‌కు మూలమైన నల్లమందును చట్టబద్ధంగా పండించే దేశం మనది. అయినా మన రోగులకు కావలసిన మార్ఫిన్‌లో అందేది 4 శాతమేనని లాన్సెట్ కమిషన్ 2017లో లెక్కకట్టింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఆసుపత్రులు ఒక్కో లైసెన్సుకు ఒక్కో శాఖ చుట్టూ తిరిగేవి. 2014 సవరణ ఆ చిక్కు విప్పింది. భయం మాత్రం పోలేదు. వైద్యుడు రాయడానికి జంకుతాడు, ఇంట్లోవాళ్లు అలవాటవుతుందని దాచిపెడతారు. సరైన మోతాదులో, మలబద్ధకానికి మందు జోడించి వాడితే మార్ఫిన్ మనిషిని మళ్లీ కూర్చోబెడుతుంది.

కోళికోడ్‌లో 1993లో ఒక చిన్న క్లినిక్‌గా మొదలైన ఉపశమన వైద్యం 2008కల్లా కేరళ ప్రభుత్వ విధానమైంది. పంచాయతీ నర్సు ఇంటికి వెళ్తుంది. గంజాంకు ఇది చేతకాని పనా? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అప్పటికే ఒడిశా యంత్రాంగం ఇల్లిల్లూ తిరిగి లక్షల మందిని ఖాళీ చేయించింది. ఏ ఇంట్లో ముసలివాళ్లున్నారో, ఎవరు నడవలేరో కనుక్కోవడం ఈ జిల్లాకు కొత్త కాదు.

ఒడియా, తెలుగు రెండూ వచ్చిన నర్సులకు శిక్షణ ఇచ్చి, ఎంకేసీజీ నుంచి మార్ఫిన్ సరఫరాతో పల్లెకారుల వాడలకు పంపాలి. ఆశా కార్యకర్త పుస్తకంలో గర్భిణుల పేర్ల పక్క పేజీలోనే ఈ జబ్బున్న ఆడవాళ్ల పేర్లూ ఉండాలి.