కోట్లు లెక్కపెట్టే జాబితా మాకొద్దు

పోస్టు పొడుగ్గా ఉంటుంది, మామూలే. తెలుగు అక్షరాలు రానివాళ్ళకు ఇంట్లో వచ్చినవాళ్ళెవరైనా చదివి వినిపించండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక పోలు పెట్టారు. '2024లో మీకు నచ్చిన సినిమా ఏది?' అని ప్రశ్న. కింద నాలుగు పేర్లు: పుష్ప 2, కల్కి, దేవర, హనుమాన్. వేరే పేరు రాద్దామంటే గడి లేదు. టీవీ లేదు, వెబ్ సిరీస్ లేదు. ఎక్కువ ఓట్లొచ్చిన సినిమా పాటలకు ఉగాది పండగనాడు పిల్లల చేత డాన్సు కట్టిస్తామని కింద ఒక మాట. ఈ నాలుగే ఎందుకని అడిగితే, 'ఎక్కువ కలెక్షను వచ్చినవి ఇవే కదా, ప్రజల తీర్పు అదే' అని కమిటీ నుంచి జవాబు వచ్చింది. తర్వాత ఇంకొక పెద్దాయన 'తెలుగు సంఘంలో తెలుగు సినిమా మాత్రమే, అరవ కన్నడ సినిమాల ఊసు వద్దు' అన్నాడు. ఆయన మీద మాకు గౌరవం ఉంది. కానీ ఆ రెండు మాటలూ మాకు నచ్చలేదు. మేము అంటే నెలకొక ఆదివారం కూర్చుని మాట్లాడుకునే పది పన్నెండు ఇళ్ళవాళ్ళం. ఈ రాత మా అందరిదీ.

మొదట కలెక్షను సంగతి. సినిమాకు ఎన్ని కోట్లు వచ్చాయన్నది నిర్మాతకూ, బయ్యర్‌కూ, బ్యాంకుకూ కావలసిన లెక్క. ఆ కోట్లలో మన టికెట్టు డబ్బులు కూడా ఉన్నాయి, నిజమే. టికెట్టు కొన్నంత మాత్రాన నచ్చినట్టేనా? ఆ శుక్రవారం ఊళ్ళో ఆడేది అదొక్కటే అయితే అదే చూస్తాం. పుష్ప 2 వచ్చిన వారం చిన్న సినిమాకు ఏ హాల్లోనైనా ఒక్క ఆట దొరికిందేమో చెప్పండి. ముందు మన చేతిలో ఒకటే పెట్టి, తర్వాత ఏది నచ్చిందని అడగడం, అన్నమొక్కటే వడ్డించి 'ఏం తింటావు' అన్నట్టుంది.

ఇంత చిన్న సంగతికి ఇంత రాత దేనికని కొందరు అంటారు. సినిమా పోలే కదా అంటారు. మనకు అది చిన్న సంగతి కాదు. మన పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు, హిందీ చదువుతారు. తెలుగు చదివే పిల్లలు ఎంతమంది? ఈ జిల్లాలో కన్నడం తర్వాత ఎక్కువమంది మాట్లాడేది తెలుగే. అయినా ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు సినిమా మొదట్లో పడే పేరు చదవలేడు, కింద ఇంగ్లీషులో ఉంటే చదువుతాడు. వాడికి తెలుగు చెవి నుంచే రావాలి. ఇంట్లో అవ్వ మాట ఒకటి, అమ్మ మాట ఒకటి, మిగిలింది సినిమా, టీవీ. హైదరాబాదు పిల్లవాడికి పుస్తకం ఉంది, పేపరు ఉంది, బడిలో తెలుగు అయ్యవారు ఉన్నాడు. ముళబాగిలు పిల్లవాడికి వాచకమూ సినిమానే, అయ్యవారూ సినిమానే. వాచకం ఎంచేటప్పుడు ఏ పుస్తకం ఎక్కువ అమ్ముడుపోయిందని చూస్తామా?

ఇంకొక మాట కూడా చెప్పాలి. కర్ణాటకలో సినిమాలను కన్నడంలోకి డబ్బింగ్ చెయ్యకుండా దశాబ్దాల పాటు ఆపి ఉంచారు. అది మంచా చెడా అన్న వాదం వేరే. దానివల్ల మనకు జరిగిందేమంటే, తెలుగు సినిమాను మనం తెలుగులోనే విన్నాం. మన ముందు తరం టెంటులో నేల మీద కూర్చుని విన్న తెలుగే ఈ రోజు మన నోట్లో ఉంది. రేపటి నోళ్ళలోకి ఏ తెలుగు పోవాలో ఆ పోలులో ఉంది. అందుకే ఊరికే ఉండలేకపోయాం.

పుష్ప 2ను తిట్టడానికి ఈ పోస్టు రాయలేదు. ఆ సినిమా వల్ల మనకు ఒక మేలు జరిగింది, దాన్ని ఒప్పుకుందాం. నంగలి దాటి, పలమనేరు ఘాటు దిగితే వినపడే మాట, చిత్తూరు వైపు యాస, మన యాసకు అక్కచెల్లెలు. ఆ యాసను తెర మీద ఇన్నాళ్ళూ నవ్వించడానికో, కత్తి పట్టుకున్నవాడి నోట్లోనో పెట్టారు. ఇప్పుడు కథానాయకుడే మొదటినుంచి చివరిదాకా ఆ యాసలో మాట్లాడాడు, దేశమంతా విన్నది. మొదటి భాగానికి అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు కూడా వచ్చింది, తెలుగు నటుల్లో ఆయనే మొదటివాడు. బెంగుళూరులో చదివే మన పిల్లలు 'మీ తెలుగేందిరా ఇట్లుంది' అని ఎగతాళి పడేవాళ్ళు, వాళ్ళకు కొంచెం తలెత్తుకునే ధైర్యం వచ్చింది.

సరే, ఆ మాట ఎవడి నోట్లో ఉంది? ఎర్రచందనం దొంగతనంగా కొట్టి అమ్మేవాడి నోట్లో. ఆ యాసలో పాఠం చెప్పే అయ్యవారిని, లెక్క అడిగే పిల్లవాడిని, బిడ్డ చదువు కోసం కుస్తీ పట్టే అమ్మను ఆ సినిమా చూపించదు. అది దాని పని కాదు, వదిలేద్దాం. కానీ ఆరేళ్ళ పిల్లల చేత గడ్డం కింద చెయ్యి తిప్పించి, ఉగాది పచ్చడి తిన్న నోటితో ఆ పాటలకు ఆడించడం మాత్రం మన పని అవుతుంది. ఆ అమ్మను చూపించిన సినిమా అదే సంవత్సరం వచ్చింది, ఆ తెలుగుతోనే వచ్చింది. పోలులో దాని పేరు లేదు.

'35 చిన్న కథ కాదు'. సెప్టెంబరు 6న విడుదల, దర్శకుడు నందకిశోర్ ఈమాని. తిరుపతిలో జరిగే కథ. పెద్ద కొడుకు అరుణ్‌కు లెక్కలు ఎక్కవు. ఎక్కకపోవడం మొద్దుతనం వల్ల కాదు, అడగడం వల్ల. సున్నాకు విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎట్లా అవుతుందని అడుగుతాడు. లెక్కల మాస్టారుకు కోపం వస్తుంది, పిల్లవాడికి 'జీరో' అని పేరు పడుతుంది. బడిలో నిలబడాలంటే ముప్పై అయిదు మార్కులు రావాలి. వాళ్ళ అమ్మ సరస్వతి పది తప్పిన మనిషి. కొడుకుకు చెప్పడానికి ఆమే మళ్ళీ లెక్కల పుస్తకం తెరుస్తుంది. నివేదా థామస్ ఆ పాత్రలో ఎక్కడా పెద్దగా ఏడవదు, అరవదు. లెక్క అర్థమైన క్షణంలో ఆమె మొహం చూడండి చాలు.

ఈ సినిమా మా ఇళ్ళలో ఆడవాళ్ళను కదిలించినట్టు ఇంకేదీ కదిలించలేదు. కారణం కనుక్కోవడం కష్టం కాదు. పిల్లల పుస్తకంలో ఉన్న భాష తల్లికి రాదు, తల్లి నోట్లో ఉన్న భాష పుస్తకంలో లేదు. కన్నడ మీడియం, ఇంగ్లీషు మీడియం పిల్లలను చదివించిన ప్రతి తెలుగు తల్లికీ ఈ ఊళ్ళో ఆ బాధ తెలుసు. సినిమాలో అడ్డం లెక్క, మనకు అడ్డం భాష. పిల్లలు కూడా హాయిగా చూశారు, ఎందుకంటే వాళ్ళ వయసు పిల్లలు అందులో పిల్లల్లాగానే మాట్లాడతారు. మా ఓటు మొదట దీనికే. కొంచెం నెమ్మది సినిమా, చివర్లో ఒకటి రెండు చోట్ల లాగినట్టుంది, అయినా దీనికే.

రెండోది సినిమానే కాదు. జనవరి 5న ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్'. ఆదిత్య హాసన్ తీశాడు. వనపర్తిలో ఒక గవర్నమెంటు లెక్కల మాస్టారు, భార్య, ముగ్గురు పిల్లలు. శివాజీ నాన్నగా, వాసుకి అమ్మగా. ఉప్మా మీద గొడవ, టీవీ మీద గొడవ, రూపాయి ఖర్చు పెట్టాలంటే నాన్న మొహంలో వచ్చే మార్పు. ఇంతే కథ. ఇందులో కొట్టుకోవడం లేదు, రక్తం లేదు. ఒక మాస్టారి జీతం ఉంది. తన పిల్లలను ప్రైవేటు బడికి పంపే గవర్నమెంటు మాస్టారు అన్న చురుక కూడా ఉంది, దాన్ని మన సభ్యుల్లో చాలామంది మాస్టార్లు మాట్లాడకుండా దాటేశారని గమనించాం. వెబ్ సిరీస్ సినిమా కాదు కాబట్టి లెక్కలోకి రాదనే వాళ్ళు, ఇంట్లో అయిదుగురూ ఒకచోట కూర్చుని కడదాకా చూసింది ఆ ఏడాది ఇంకేమైనా ఉందా చెప్పండి.

'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' గురించి ఎక్కువ రాయం, చూడనివాళ్ళు చూడాలి. ఫిబ్రవరిలో వచ్చింది. కోనసీమ ఊళ్ళో మంగలి కులం పిల్లవాడు, బ్యాండు వాయిస్తాడు. సుహాస్ బాగా చేశాడు, కానీ ఆ సినిమా అక్క పాత్ర వేసిన శరణ్య ప్రదీప్‌ది. పెళ్ళికి బ్యాండు వాళ్ళను పిలిచి, భోజనం దగ్గర కడపటి బంతికి నిలబెట్టే అలవాటు మన తాలూకాలో పోయిందా? ఆ ప్రశ్న అడిగినందుకు దానికి మా జాబితాలో చోటు.

ఇక గొడవ పడాల్సిన సినిమా. 'తంగలాన్'. ఆగస్టు 15న వచ్చింది, పా. రంజిత్ తీశాడు, విక్రమ్ చేశాడు. తమిళంలో తీసిన సినిమా, తెలుగు డబ్బింగ్ కూడా వచ్చింది. 'అది అరవ సినిమా, మనకేం సంబంధం' అన్న మాట మమ్మల్ని నిజంగా బాధపెట్టింది. ఆ కథలో జనం ఉత్తర ఆర్కాడు నుంచి బంగారం కోసం మన కోలారు నేలకు వస్తారు. ఉత్తర ఆర్కాడు అంటే అరవదేశం అనుకుంటున్నారు. 1911 దాకా ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. కలెక్టరు కూర్చున్నది అక్కడే. మన పక్క పలమనేరు అప్పుడు ఆ జిల్లాలోదే. 1911లో చిత్తూరు జిల్లా వేరయింది. అంటే ఆ సినిమాలో మనుషులు బయలుదేరిన జిల్లాలో మన మేనమామల ఊళ్ళున్నాయి, వాళ్ళు వచ్చి చేరిన నేల మనది. మనకు కాక ఇంకెవరికి సంబంధం?

బంగారం కథలో మనకు తెలిసింది ఎంత? 'కేజీఎఫ్' రెండు భాగాలూ మనం ఈలలేసి చూశాం. అందులో బంగారం దొరికింది 1951లో. నిజంగా జాన్ టైలర్ కంపెనీ ఇక్కడ తవ్వడం మొదలుపెట్టింది 1880లో. 1902లో శివనసముద్రం నుంచి తీగలు లాగి ఆ గనులకు కరెంటు తెచ్చారు, అప్పటికి ఊళ్ళలో దీపం బుడ్లే. మన బేతమంగళం చెరువు నీళ్ళు ఆ ఊరికి పోయాయి. చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు మనుషులు దిగారు. రాతి బరస్టులకు కొందరు పోయారు, ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని కొందరు పోయారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఈ పొద్దుకూ గాలి లేస్తే సైనైడ్ దిబ్బల దుమ్ము ఆ ఊరి ఇళ్ళలో పడుతుంది. ఇందులో ఏ ముక్కా 'కేజీఎఫ్'లో లేదు. ఆ సినిమా మన ఊరి పేరు తీసుకుంది, మన ఊరిని కాదు. అది కల్పిత కథే, ఎట్లా కావాలంటే అట్లా తీసుకోవచ్చు. కానీ కోలారు పిల్లవాడు కోలారు గురించి తెలుసుకునేది అదొక్కటే అయితే మనం ఊరుకోగూడదు.

'తంగలాన్' కూడా చరిత్ర పుస్తకం కాదు. మాయలు మంత్రాలు ఎక్కువ, రెండో సగంలో ఎవరు ఎవరిని ఎందుకు చంపుతున్నారో మాలో సగం మందికి అర్థం కాలేదు. కానీ ఒకటి చూపించింది: బంగారం తవ్వినవాడికి అంతకుముందు ఒక చెక్క భూమి ఉండేదని, దాన్ని ఎట్లా లాక్కున్నారో, ఆ తర్వాతే వాడు తెల్లదొర వెంట కొండలు దాటాడని. ఇది తమిళ దర్శకుడు తీశాడు. 'కేజీఎఫ్' కన్నడంలో వచ్చింది. చిత్తూరు వైపు నుంచి గనుల్లోకి దిగిన తెలుగు కూలీల మీద తెలుగులో ఒక్క మంచి సినిమా వచ్చిందా? తీసిన అరవవాళ్ళను పోలులోంచి తీసేసే బదులు, ఈ ప్రశ్న మన తెలుగు నిర్మాతలను అడుగుదాం.

భాష కలవడం ఈ జిల్లాకు కొత్త కాదు. మాలూరు తాలూకా మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంటి భాష తమిళం, రాసింది కన్నడం, జ్ఞానపీఠం వచ్చింది కన్నడానికి. మన ముళబాగిలు అన్న పేరే 'మూడల బాగిలు', తూర్పు వాకిలి. వాకిలి ముందర కూర్చుని వచ్చేవాళ్ళను వద్దంటే ఎట్లా?

ఇదే జబ్బు బిగ్‌బాస్ అప్పుడూ చూశాం. తెలుగు ఎనిమిదో సీజన్లో 'కన్నడ బ్యాచ్' అని మన గ్రూపులోనే కొందరు రాశారు. డిసెంబరు 15న గెలిచింది మైసూరు అబ్బాయి నిఖిల్. తెలుగు సీరియళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, తెలుగువాళ్ళ ఓట్లతో గెలిచాడు. కర్ణాటకలో పుట్టి తెలుగు మాట్లాడేవాళ్ళ సంఘం అతన్ని పరాయివాడన్నది! మనల్ని మనం అద్దంలో చూసుకుని 'ఎవడు వీడు' అన్నట్టు.

సీరియళ్ళ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాం. పోలు పెట్టిన నలుగురూ మగవాళ్ళే. రోజూ రాత్రి 'కార్తీక దీపం' రెండో భాగం చూసే మా అమ్మలు, అత్తలు, అవ్వలు సభ్యులు కారా? సీరియల్ అంటే మాకూ విసుగే, ఒక్క చెంపదెబ్బను మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపిస్తారు. అయినా ఇంట్లో రోజుకు అరగంట తెలుగు వినపడేది దానివల్లే. చందా తీసుకునేటప్పుడు ఇంటికి ఇంత అని తీసుకుంటాం కదా, ఓటు కూడా ఇంటిల్లిపాదికీ ఉండాలి.

కాబట్టి మేము అడిగేది ఇది. ఆ పోలు తీసేయండి. ఒక్కొక్క ఇంటి నుంచి ఒక సినిమా, ఒక టీవీ లేదా వెబ్ కార్యక్రమం పేరు తీసుకోండి, ఏ భాషదైనా సరే, ఎందుకు నచ్చిందో రెండు మాటలతో. 2025 ఉగాది మార్చి 30, ఆదివారం. డాన్సులు ఉండనీ, పిల్లలు ఆడుకోనీ. కానీ సాయంత్రం '35' వెయ్యాలి. హక్కులున్నవాళ్ళను అడిగి, డబ్బు కట్టి, సరిగ్గా వేద్దాం, ఫోనులోంచి దొంగతనంగా వద్దు. అయ్యే ఖర్చులో సగం మా ఇళ్ళు వేసుకుంటాయి. మిగతా సగం కిందటేడు సౌండు సిస్టంకు పెట్టినంత కూడా కాదని మా అంచనా. సినిమాకు ముందు గనుల్లో పనిచేసిన కుటుంబాల నుంచి ఇద్దరు పెద్దవాళ్ళను పిలిచి మాట్లాడిద్దాం, అరవంలో మాట్లాడినా కూర్చుని విందాం.

కమిటీ వచ్చే ఆదివారం కూర్చుంటుందని విన్నాం. అంతలోపల మీ ఇంటి పేర్లు ఇక్కడే కింద రాయండి. మా జాబితాతో గొడవ ఉన్నవాళ్ళు గొడవ పడండి, 'దేవర' ఎందుకు లేదని అడిగేవాళ్ళకు జవాబు రెడీగా ఉంది. తెలుగు లిపి రాకపోతే కన్నడ లిపిలో తెలుగు రాయండి, చదువుకుంటాం.