పసివాడు కొలిచిన బాట

రెండేండ్ల బిడ్డను వెంటబెట్టుకొని స్కాట్లండు పల్లెసీమలలో వారము దినములు కారు ప్రయాణము చేయనున్నామని తల్లిదండ్రులు చెప్పినచో, వినువారి నోట వెంటనే వెలువడు ప్రశ్న యొకటి కలదు: “ఆ పసివానికేమి తెలియును? రేపు వానికేమి జ్ఞాపకముండును?” గ్లాస్గో, ఎడింబరో, ఆబర్డీన్ నగరములలో ఉద్యోగములు చేయుచున్న తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీనికి సాధారణముగా రెండు సమాధానములు వినవచ్చుచుండును. బిడ్డను అమ్మమ్మ యొద్ద విడిచి పెద్దలు మాత్రమే పోవలెనని కొందరందురు. బిడ్డను కారులో కూర్చుండబెట్టి, తాము చూడదలచిన వన్నియు చూచి రావలెనని మరికొందరందురు. ఈ రెండు మార్గములును సరియైనవి కావని నా యభిప్రాయము. బిడ్డను అడ్డంకిగా భావించుటయే రెంటికిని మూలము. నిజమునకు అట్టి ప్రయాణమునకు బిడ్డయే తగిన కొలబద్ద.

బిడ్డను ఇంట విడిచి స్కాట్లండు చూచినవారిలో ప్రసిద్ధులును గలరు. ఆంగ్లకవి విలియం వర్డ్స్‌వర్తు 1803వ సంవత్సరము ఆగస్టు మాసమున చెల్లెలు డొరొతీతోను, మిత్రుడు కోల్రిడ్జితోను ఆ దేశమునకు బయలుదేరెను. అప్పటికి ఆయన తొలి కుమారుడు రెండు నెలల పసికందు. భార్య మేరీ బిడ్డతో ఇంటనే యుండిపోయెను. పైకప్పు లేని గుఱ్ఱపుబండి, విడువని వానలు, నమ్మరాని బసలు. ఆ దినములలో అది వివేకమే. వారు ఆరు వారముల కాలము తిరిగిరి. కోల్రిడ్జి నడుమనే విడిపోయి తన దారిని తాను పోయెను. డొరొతీ వ్రాసిన యాత్రావృత్తాంతము ఆమె మరణించిన పిమ్మట 1874లో గ్రంథరూపమున వెలువడెను. అందు కొండలును సరస్సులును వర్ణింపబడినవి. కాని లోక్ కేట్రిన్ ఒడ్డున పడవవాని గుడిసెలో గడపిన రాత్రి యొక్కటియు వానికన్న తక్కువగా మనస్సున నిలువదు. మన విద్యార్థులకు పరిచితమైన “ది సాలిటరీ రీపర్” అను గీతమునకు ఆ యాత్రయు, మిత్రుడు థామస్ విల్కిన్సన్ వ్రాతప్రతిలోని యొక వాక్యమును ప్రేరణలైనవి. కవి దానిని రచించినది యాత్ర ముగిసిన రెండేండ్లకు, 1805లో. చూచినది మనస్సున నానుటకు వ్యవధి కావలెనని దీనివలన తెలియుచున్నది.

నేటి ఉద్యోగికి ఆరు వారముల సెలవు దొరకదు. అందుకు ఎవ్వరిని నిందింపగలము? కాని దొరికిన వారము దినములను మనము వినియోగించు తీరు విచారింపదగినది. 2015లో “నార్త్ కోస్ట్ 500” అను పేర, ఇన్వర్నెస్ నగరమున మొదలై ఉత్తర తీరమును చుట్టి మరల అచ్చటికే చేరు 516 మైళ్ళ మార్గమొకటి పర్యాటకులలో ప్రచారమునకు వచ్చెను. మార్గము మనోహరమైనదే. దానిని మూడు నాలుగు దినములలో ముగించి, ముగించితిమని చెప్పుకొనుటకే పోవు వారివలన చిక్కు వచ్చుచున్నది. ఆ దారిలో ఆపిల్‌క్రాస్ గ్రామమునకు పోవు కనుమ యొకటి గలదు. గేలిక్ భాషలో దాని పేరునకు “పశువుల కనుమ” యని యర్థము. ఇరుకు బాట మెలికలు తిరుగుచు సముద్రతీరమునుండి 626 మీటర్ల యెత్తునకు ప్రాకును. పెద్దలకది సాహసము, వెనుక కూర్చున్న పసివానికి కడుపులో త్రిప్పుటయే దక్కును. షీల్డెగ్ గ్రామమునుండి తీరము వెంట పోవు వేరొక బాట యున్నది. దూరమైనను బిడ్డకు అదియే హితము. జాబితాలోని పేరునకు గుర్తు పెట్టుకొనుటకై బిడ్డను ఆ మెలికలలో త్రిప్పువారు ఎవరి సంతోషమునకై బయలుదేరిరో తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను.

ఇక జ్ఞాపకము మాట. పెద్దవారలలో పెక్కురకు మూడు, మూడున్నర సంవత్సరముల వయస్సునకు ముందు జరిగినదేదియు గుర్తుండదని మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దీనిని శైశవ విస్మృతి యందురు. కావున రెండేండ్లనాడు చూచిన సరస్సు ఇరువదవ యేట బిడ్డకు జ్ఞప్తికి రాదనుట సత్యమే. అంతమాత్రమున ఆ యనుభవము వ్యర్థమగునా? తల్లి పాడిన జోలపాట యేదియు మనకు గుర్తులేదు. అయినను మన భాష ఆ పాటలతోనే మొదలైనది. రెండేండ్ల బిడ్డ దినదినమునకు క్రొత్త మాటలు నేర్చుచుండును. పుస్తకమందలి బొమ్మలో మాత్రమే చూచిన గొఱ్ఱె బాటకు అడ్డముగా వచ్చి నిలిచినప్పుడు, ఆ మాటకు రంగు, వాసన, అరుపు, కదలిక యన్నియు ఒక్కసారిగా చేకూరును. పిదప ఆ దినము మరువబడును. మాట మాత్రము మిగులును. విద్య యనగా ఇట్లు మిగిలినదే కదా!

ఈ విషయమున మన ఉపాధ్యాయులకు మారియా మాంటిస్సోరి పేరు గుర్తుకు రాకపోదు. ఆమె 1939లో మదరాసు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే యుండి, మన ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. ఆమె ప్రసిద్ధ గ్రంథము “ది అబ్సార్బెంట్ మైండ్” 1949లో అడయారులోనే అచ్చయ్యెను. రెండేండ్ల బిడ్డ నడువజాలడనుట పెద్దల భ్రమ యని ఆమె బోధించెను. బిడ్డ చాల దూరము నడువగలడు. కాని పెద్దవాని వేగముతో నడువలేడు. మనము గమ్యమునకై నడుతుము, బిడ్డ దారికై నడుచును. పువ్వు కనబడిన చోట ఆగును, రాయి దొరికిన చోట కూర్చుండును, మరల లేచి సాగును. వానిని చంకనెత్తుకొని వడివడిగా పోవుట మనకు సుఖము. వానికి మాత్రము ఆ క్షణమున పాఠము ఆగిపోవును.

స్కాట్లండు పల్లెసీమ ఇట్టి నడకకు ఏర్పడినట్లుండును. అచ్చటి స్థలనామములే బాలశిక్ష వంటివి. “బెన్” అన్నచో కొండ. “గ్లెన్” అన్నచో ఇరుకు లోయ. “స్ట్రాత్” అన్నచో వెడల్పైన లోయ. “లోక్” అన్నచో సరస్సు. లోక్ నెస్ సరస్సున గల మంచినీరు ఇంగ్లండు, వేల్సు దేశముల సరస్సులన్నిటి నీటికంటె అధికమని పెద్దలు చదివి ఆశ్చర్యపడుదురు. పసివానికి ఆ లెక్క అక్కరలేదు. ఆ నీటిలోనికి తాను విసరిన గులకరాయి చేసిన చప్పుడే వానికి అద్భుతము. గ్లెన్‌ఫినన్ వద్ద 21 కమానులపై వంపు తిరిగి నిలిచిన కాంక్రీటు వంతెన యున్నది. 1901లో ప్రారంభమైన రైలుమార్గము దానిమీదుగా పోవును. పెద్దలు ఛాయాచిత్రము తీయుటకై తొందరపడుదురు. బిడ్డ రైలు పోయిన పిమ్మట చేయి చాచి, మరల రమ్మని పిలుచును. కన్నులపై జూలు వ్రేలాడు ఎఱ్ఱని పర్వతసీమ ఆవును చూచి నిలిచిపోవును. చంకలో బిడ్డ నుంచుకొని ఊరంతయు వెదకినట్లు, దృశ్యములకై దేశమంతయు గాలించుచు, చూచుట యెట్లో యెరిగిన వానిని మనము చంకలోనే మరచుచున్నాము.

ఈ నిదానము బిడ్డకొరకు మాత్రమే గాదు, ఆ దేశవాసుల కొరకును కావలెను. పర్వతసీమలలో పెక్కు బాటలు ఒక్క బండి పట్టు వెడల్పువి. ఎదురుబండి వచ్చినప్పుడు తప్పుకొనుటకై నడుమనడుమ స్థలములు విడిచి యుందురు. అట్టి స్థలము మన యెడమవైపున నున్నచో అందు ఆగవలెను. కుడివైపున నున్నచో దాని కెదురుగా నిలిచి ఎదుటివానికి దారి యీయవలెను. వెనుక తొందరలో నున్నవాడు వచ్చినచో వానిని ముందు పోనీయవలెను. అచ్చట బండి నిలిపి కాఫీ త్రాగుచు కూర్చుండుట నిషిద్ధము. ఆ బాట యాత్రికునకు వినోదస్థలమైనను, అచ్చటి వైద్యునకును, తపాలావానికిని, గొఱ్ఱెల కాపరికిని నిత్యజీవనమార్గము. దారి యిచ్చిన వానికి చేయెత్తి కృతజ్ఞత తెలుపుట అచ్చటి మర్యాద. వెనుక కూర్చున్న బిడ్డయు చూచి తన చిన్నచేతిని ఊపును. మర్యాద పాఠము ఇంతకంటె సులభముగ ఏ తరగతిలో చెప్పగలము?

ఆ లోయల నిర్జనత్వమును చూచి ప్రకృతి సౌందర్యమని పరవశించువారు ఒక చరిత్రను గూడ తెలిసికొనవలెను. అవి యన్నియు ఎల్లప్పుడు నిర్జనములు కావు. పదునెనిమిదవ శతాబ్దమునుండి పందొమ్మిదవ శతాబ్దము వరకు భూస్వాములు గొఱ్ఱెల పెంపకము లాభకరమని, తరతరములుగా నున్న రైతుకుటుంబములను అనేక లోయలనుండి వెడలగొట్టిరి. ఉత్తర తూర్పు తీరమున, హెల్మ్స్‌డేల్ దాటిన పిమ్మట, ఏ 9 రహదారికి కొద్ది నడకదూరమున “బాడ్‌బే” అను పాడుపడిన గ్రామమున్నది. 1790ల నుండి చుట్టుపట్ల లోయలలో నిలువనీడ కోల్పోయినవారు ఈ సముద్రపు కొండకొనను గుడిసెలు వేసికొనిరి. వారిని వెడలగొట్టిన భూస్వాములలో ఒకడైన సర్ జాన్ సింక్లెయిర్ స్కాట్లండు గ్రామగ్రామపు వివరములను సంపుటములుగా సేకరింపజేసి, “స్టాటిస్టిక్స్” అను మాటను ఆంగ్లమున వ్యాప్తికి తెచ్చిన పండితుడు. లెక్కలు తెలిసిన విద్వాంసుడే మనుష్యులను లెక్కచేయకపోవుట చరిత్రలోని వైపరీత్యము. ఆ కొండకొనపై గాలి యెంత బలమైనదనగా, తల్లులు పనిచేయునప్పుడు పసిబిడ్డలు ఎగిరి సముద్రమున పడకుండునట్లు వారిని పశువులతోపాటు త్రాళ్ళతో కట్టి యుంచెడివారని పరంపరగా చెప్పుకొందురు. కడపటి నివాసి 1911లో ఆ గ్రామమును విడిచెను. ఇప్పుడచ్చట కూలిన గోడలును, ఒక స్మారకస్తంభమును మాత్రమే యున్నవి. ఆ స్థలమున బిడ్డ చేయి గట్టిగా పట్టుకొని నిలువబడిన తల్లికి చరిత్ర ఏ గ్రంథమును తెరువకయే బోధపడును.

అదే దేశమున 2003లో భూసంస్కరణ చట్టము వచ్చెను. దాని ప్రకారము ఇండ్ల పెరడులు, పైరు నిలిచిన పొలములు మొదలగునవి తప్ప, కొండలపైని, అడవులలోని, నీటి యొడ్డులందును బాధ్యతతో సంచరించుటకు ప్రతివారికిని హక్కు గలదు. భూమి యెవరిదైనను ఈ హక్కు చెల్లును. ఇందొక విశేషమున్నది: మోటారు వాహనములకు ఈ హక్కు వర్తింపదు. పసివాని పాదములకు గల స్వేచ్ఛ కారు చక్రములకు లేదు! ఒకప్పుడు బిడ్డలను త్రాటితో కట్టిన సీమలో నేడు ఏ దేశపు బిడ్డయైనను నడువవచ్చును. అట్టి భూమికి పోయి దినమంతయు బిడ్డను కారులోనే బంధించి యుంచుట న్యాయమా?

“అచ్చట ఎల్లప్పుడు వానయే కదా!” యని యాక్షేపింపవచ్చును. నిజమే. కాని వాన సైతము వ్యర్థముగా పోదు. 1881 వేసవిలో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ బ్రేమార్ గ్రామమున కుటుంబముతో బస చేసియుండగా వానలు వారిని ఇంటనే నిలిపివేసెను. తన భార్య కుమారుడు, పదమూడేండ్ల బాలుడు రంగులతో బొమ్మలు వేయుచుండగా, స్టీవెన్సన్ తానును కూర్చుండి ఒక ద్వీపపు పటమును గీచెను. ఆ పటమునుండి పుట్టిన కథయే 1883లో గ్రంథముగా వచ్చిన “ట్రెజర్ ఐలండ్”. పిల్లవానితో కలిసి నేలపై కూర్చుండిన పెద్దవానికి వాన యిచ్చిన బహుమానమది. రెండేండ్ల బిడ్డకు పటముతోను పనిలేదు. వానకోటు, రబ్బరు బూట్లు, ఒక నీటిగుంట చాలును.

బయలుదేరువారు పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. దినమునకు ప్రయాణము కొద్ది గంటలకు మించరాదు. రెండు గంటలకొకసారి తప్పక ఆగవలెను. ఒక్కొక్క బసలో రెండు మూడు రాత్రులు గడుపవలెను. బిడ్డ యెత్తునకు తగిన ప్రత్యేకపు కుర్చీ కారులో అమర్చుట ఆ దేశమున చట్టము. పండ్రెండేండ్లు నిండువరకు గాని, 135 సెంటీమీటర్ల యెత్తు వచ్చువరకు గాని అది వదలరాదు. జూన్ మాసమున ఉత్తరదిక్కున రాత్రి పది గంటలకును వెలుతురుండును. దళసరి తెరలు లేనిదే బిడ్డ నిద్రింపడు. వేసవి సంధ్యలలో గాలి నిలిచినప్పుడు దోమకంటె చిన్నదైన “మిడ్జి” అను పురుగు గుంపులుగా కుట్టును. చేతులు, కాళ్ళు కప్పియుంచుట మేలు.

ఆలస్యము అమృతమును విషము చేయునని పెద్దల మాట. పసివానితో పోవు దారిలో మాత్రము ఆలస్యమే అమృతము. తరగతిలో ముప్పది పాఠములు ముగించితినని చెప్పు ఉపాధ్యాయునికంటె, పది పాఠముల యెదుట పిల్లలను నిలిపి ఆలోచింపజేసిన ఉపాధ్యాయుని మనము గౌరవింతుము. ప్రయాణములకును ఆ న్యాయమే వర్తించును. 516 మైళ్ళు పూర్తిచేసినవారు ఎన్ని స్థలములు చూచితిరని యడిగినచో వెంటనే చెప్పగలరు. ఎన్నిచోట్ల ఆగితిరని, ఆగినచోట బిడ్డ యేమి చేసెనని యడిగినప్పుడు సైతము జవాబు చెప్పగలిగినవారే ఆ దేశమును చూచినవారు.