గుండెలమీద కూర్చున్నది దయ్యం కాదు

నిద్రలో ఉన్నట్టుండి మెలకువ వస్తుంది. గది కనిపిస్తూనే ఉంటుంది, కానీ చేయి లేవదు, కాలు కదలదు, గొంతు పెగలదు. ఎవరో గుండెలమీద కూర్చుని నొక్కుతున్నట్టు, తలుపు దగ్గర ఎవరో నిలబడినట్టు అనిపిస్తుంది. కొన్ని సెకన్లకో, ఒకటి రెండు నిమిషాలకో అంతా సర్దుకుంటుంది.

ఇలా జరిగిందని చెబితే చాలు, దయ్యం పట్టిందంటారు, గాలి సోకిందంటారు. తాయెత్తులకు, భూతవైద్యులకు డబ్బు పోస్తారు. విశ్వాసుల ఇళ్ళలోనైతే "ఏదో దాచిన పాపం ఉంది" అని గుసగుసలు పోతారు. ఈ రెండూ తప్పేనని మా అభిప్రాయం.

వైద్యులు దీనిని స్లీప్ పెరాలిసిస్, అంటే నిద్ర పక్షవాతం అంటారు. పేరు అలా ఉన్నా ఇది పక్షవాతపు జబ్బు కాదు. నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటి ఉందని 1953లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రకటించారు. కలలు ఎక్కువగా వచ్చేది ఆ దశలోనే. కలలో పరుగెత్తితే నిజంగా లేచి పరుగెత్తకుండా మెదడు అప్పుడు కండరాలను సడలించి ఉంచుతుంది. ఒక్కోసారి కండరాలకంటే ముందే మనకు మెలకువ వచ్చేస్తుంది. కనిపించే ఆ నీడ మిగిలిపోయిన కలే. ఊపిరి ఆగదు, ఛాతీ కండరాలు సడలి ఉండడంవల్ల బరువుగా తోస్తుంది. జపాన్‌లో దీనిని కనాషిబారి అంటారు. లోకంలో నూటికి సుమారు 8 మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుందని అంచనా.

నిద్ర చాలనివారికి, నిద్రవేళలు మారేవారికి ఇది ఎక్కువ. గోలేటిలో షిఫ్టు డ్యూటీ లేని వీధి ఏది? ఇదే క్లైట్‌మన్ 1938లో తన సహాయకునితో కలిసి మామత్ గుహలో 32 రోజులు ఉండి, రోజుకు 28 గంటల లెక్కన నిద్రవేళలు మార్చి చూశారు. సహాయకుని శరీరం ఆ లెక్కకు అలవాటుపడింది, క్లైట్‌మన్‌ది పడలేదు. షిఫ్టు మారినంత సులువుగా అందరి శరీరమూ మారదు.

అందుకే మేము చెప్పేది ఒక్కటే: నైట్ షిఫ్టు చేసి వచ్చినవారి పగటి నిద్రను ఇల్లూ సంఘమూ కలిసి కాపాడాలి. పగలు పడుకున్నవారు సోమరులు కారు. కిటికీకి దళసరి గుడ్డ కట్టండి, టీవీ తగ్గించండి, మన కూడికల మైకు కూడా తగ్గిద్దాం. అలసి సొలసిన ఏలీయాకు దేవుడు ముందుగా ఇచ్చింది గద్దింపు కాదు, నిద్రా ఆహారమూ.

ఇది వచ్చినప్పుడు పెనుగులాడకండి. మెల్లగా ఊపిరి తీస్తూ, చిటికెన వేలినో కాలివేలినో కదిలించడానికి ప్రయత్నించండి. పక్కనున్నవారు పేరు పెట్టి పిలిచి తట్టితే త్వరగా తేరుకుంటారు. వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోండి. పడుకునేముందు టీ, మద్యం వద్దు. ప్రార్థన చేసుకోండి, భయం తగ్గుతుంది. అయితే ప్రార్థన చేసుకున్నామని నిద్ర మానకండి.

తరచుగా వస్తున్నా, పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తున్నా, నవ్వినప్పుడు మోకాళ్ళు సడలిపోతున్నా, గురకమధ్య ఊపిరి ఆగుతున్నా డాక్టరుకు చూపించుకోండి. పూర్తిగా మేల్కొన్నాక కూడా చేయి కాలు పడిపోయి ఉన్నా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వస్తున్నా అది వేరే జబ్బు. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.

భయపడినవారిని నిందించకండి. వారికి కావలసింది తాయెత్తు కాదు, కంటినిండా నిద్ర.