కథల వీరులు చేతులు మారిన వైనము



1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో ప్రారంభించిన చందమామ మన బందరు, గుడివాడ, దివిసీమ ఇళ్ళలో చిరిగేదాకా తిరిగింది. బేతాళుడున్నాడని కొన్ని క్రైస్తవ గృహాలలో వద్దనేవారు. నాకది అతిగానే తోస్తుంది. ఆ కథల్లో బలముకంటె వివేకమే గెలిచేది. 2007లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ దానిని కొన్నది. కొన్నేళ్ళకే పత్రిక ఆగిపోయింది.

అమెరికా బొమ్మల కథలదీ కొనడము, అమ్మడమే. సూపర్‌మ్యాన్‌ను కల్పించిన ఇద్దరు యువకులు 1938లో హక్కులన్నీ 130 డాలర్లకే ఇచ్చివేశారు. కంపెనీ కోట్లు గడించింది. వారికి ఏటేటా భత్యమివ్వడానికి ఒప్పుకున్నది 1975లో! యాకోబు 5:4 చదవండి. స్పైడర్‌మ్యాన్ కథలు వేసిన మార్వెల్‌ను 2009లో డిస్నీ కొన్నది.

ఆ వీరులిప్పుడు ఫోనులో మన పిల్లల చేతికే వచ్చారు. దావీదు గొల్యాతుల కథ ఏ కంపెనీ సొత్తూ కాదు. ఈ రాత్రి మీరే చెప్పండి. పిల్లలు ఎదిగినవారైతే బత్షెబ సంగతి దాటవేయకండి.